బుగ్గన కిళ్లీ ఉన్న విద్యార్థిని

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఒకటే. నలుగురూ కూర్చున్న చోట ఎవరైనా నా వైపు తిరిగి, "ఎంతవరకు చదువుకున్నావమ్మా?" అని అడగడం.

మిగతా భయాలు లేవని కాదు. గ్యాస్ కట్టేశానో లేదోనని వీధి చివర నుంచి వెనక్కి వస్తాను. మా పాప టికీ కాస్త దగ్గితే చాలు, గుండీ మింగిందేమోనని ఇంట్లో చొక్కాలన్నీ ముందేసుకుని కూర్చుంటాను. "బొహూ, నీ గుండెల్లో ఎవరో గంట కట్టారు, గాలొచ్చినా మోగుతుంది" అంటుంది మా అత్తగారు. కానీ అవన్నీ వంటింటి గిన్నెల్లాంటి భయాలు, రోజూ చేతిలో ఆడేవి. చదువు భయం మాత్రం పెట్టె అడుగున దాచిన వెండి గిన్నె. ఎవరి కంటా పడనివ్వను.

నా చదువు తొమ్మిదో తరగతిలో ఆగింది. మానమని ఎవరూ అనలేదు. ఆ ఏడు మహానది పొంగి బడి మూతపడింది. నీళ్లు తీశాక అమ్మ మంచం పట్టింది. అమ్మ లేచాక, మళ్లీ వెళ్లమని కూడా ఎవరూ అనలేదు.

అలాంటి నేను, కటక్ బయట, నది అవతల ఉన్న ఒక యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో, తెరవగానే కనిపించే మొదటి పేజీలో, విద్యార్థినిగా కూర్చుని ఉన్నాను. పసుపు రంగు చుడీదార్, ఒళ్లో లావు పుస్తకం, మొహం నిండా నవ్వు. కింద "మీ రేపటిని మీరే రాసుకోండి" అని పెద్ద అక్షరాలు. యూనివర్సిటీ పేరు మాత్రం రాయను, టికీ వాళ్ల నాన్న ఇంకా అక్కడే పనిచేస్తున్నారు.

ఆయన పేరు అనాది. నేను పేరు పెట్టి పిలవను గానీ, రాయడానికేం. అక్కడి కంప్యూటర్ విభాగంలో టెంపరరీ ఉద్యోగం. వెబ్‌సైట్ పని అప్పగించిన రోజు రిజిస్ట్రార్ రథ్ గారు తన ఫోన్‌లో ఏదో విదేశీ యూనివర్సిటీ పేజీ తీసి చూపించారట.

"అనాదీ, అచ్చం ఇలాగే కావాలి. అదిగో, ఆ గడియారం గోపురంతో సహా."

"సార్, మనకు గోపురం లేదు కదా."

"పేజీలో పెట్టు, ఉంటుంది."

ఆ రోజు ఈయన పఖాళ చద్దన్నం గిన్నెలో చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చున్నారు. "నేనేమన్నా జిరాక్స్ మిషన్నా?" అన్నారు. అన్నం నీళ్లల్లో ఉబ్బిపోతోంది గానీ ముద్ద నోటికి పోవడం లేదు.

మా మామగారు బతికున్నన్నాళ్లూ వెండి తీగ పని చేశారు. దసరాకి దుర్గమ్మ వెనక నిలబెట్టే వెండి మేఢానికి తీగ మెలికలు తిప్పిన చేతులవి. ఆ మెలికలే ఈయన పేజీ అంచుల్లోకి తెచ్చారు. వేలు పెట్టి నొక్కే చోట తీగ మొగ్గలా విచ్చుకుంటుంది. రంగులు మా అత్తగారి పాత సంబల్‌పురి చీర కొంగువి.

"ఇదీ చూసి దించిందేగా, మీ నాన్న దగ్గర" అని ఏడిపించాను.

"తిట్టడానికి ఆయన లేరుగా" అన్నారు. అప్పుడు నవ్వారు, అప్పుడు తిన్నారు.

ఇక మిగిలింది ఫొటో. భువనేశ్వర్ ఫొటోగ్రాఫర్‌కి తీరిక దొరికింది సరిగ్గా రజ పండగ రోజున. ఆ మూడు రోజులూ మా వైపు ఆడపిల్ల ఒక్కతి కూడా పని ముట్టుకోదు, కాలేజీ మొహం చూడదు. కొత్త బట్టలు కట్టుకోవడం, ఉయ్యాల ఊగడం, కిళ్లీ నమలడం, అంతే. హాస్టల్ మొత్తం ఖాళీ. ఆడపిల్ల లేని యూనివర్సిటీని మొదటి పేజీలో పెడితే రథ్ గారు ఊరుకుంటారా? ఈయన జుట్టు పీక్కుంటున్న ఆ సమయానికే, పండగ పూట కూడా పనికెళ్లిన మొగుడికి పండగ పిండివంట పోడ పిఠా డబ్బా తీసుకుని నేను ఆటో దిగాను.

నన్ను చూసి ఫొటోగ్రాఫర్, "ఇదిగో స్టూడెంట్!" అన్నాడు.

పాపిట్లో సిందూరం కనబడకుండా చున్నీ తల మీదికి లాగారు. అప్పటికి టికీ కడుపులో ఉంది, అందుకని ఒళ్లో లావుపాటి పుస్తకం పెట్టారు. బుగ్గనున్న పండగ కిళ్లీ మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. ఫొటోగ్రాఫర్ వెనక్కి వెనక్కి నడిచి వెళ్లి పూలకుండీలో కూలబడ్డాడు. నాకు నవ్వాగలేదు. ఆ నవ్వే మొదటి పేజీకెక్కింది. అంటే నిజానికి ఆ పేజీలో మేం ఇద్దరం ఉన్నాం, నేనూ, పుస్తకం వెనక టికీ.

"కాలేజీ తెరిచాక మార్చేస్తాలే" అన్నారు ఈయన. ఆ ఏడు చేరిన పిల్లలు ఎక్కువయ్యారు. "ఆ అమ్మాయి మొహం కలిసొచ్చింది, ముట్టుకోవద్దు" అన్నారు రథ్ గారు. అలా ఉండిపోయాను.

టికీకి మాటలొచ్చాయి, పరుగులొచ్చాయి. ఈయన ఉద్యోగం పర్మినెంట్ చేస్తామన్న మాట కూడా పుట్టింది. ఢిల్లీ నుంచి తనిఖీ వాళ్లు వచ్చి వెళ్లగానే కాగితం ఇస్తామన్నారు. సరిగ్గా అప్పుడు ఒక సాయంత్రం, ఈయన బజారుకెళ్లినప్పుడు, ఆఫీసులో ఈయన పక్క సీటు మీనకేతన్ వచ్చి మా మెట్ల మీద కూర్చుని, ఎప్పట్లా వదిన వరసతో పిలిచాడు.

"భావుజా, టీ పెట్టు. చెడ్డ వార్త. టీ తాగాక చెప్తాను."

"ముందు చెప్పు, తర్వాత టీ."

"చెప్తే నువ్వు టీ పెట్టవు. నాకు తెలుసు."

పెట్టాను. చక్కెర రెండుసార్లు వేశాను. వాడు ఊదుకుంటూ తాగాడు, పైగా "తీపెక్కువైంది" అన్నాడు.

సంగతి ఇది. రథ్ గారి బావమరిది రాయగడకు పనిమీద వెళ్లి, అక్కడి ఒక కాలేజీ వెబ్‌సైట్ చూశాడు. అవే వెండి మెలికలు, అవే కొంగు రంగులు, అదే నేను. "బావా, మీ యూనివర్సిటీ ఇక్కడ కూడా ఉందే" అని ఫోన్ చేశాడు. రథ్ గారు రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని అడుగున ఉన్న సంవత్సరాలు చూశారు. మా దాని కింద మొన్నమొన్నటి సంవత్సరం. వాళ్ల దాని కింద 2009.

"ఇంకేముంది, ముందున్నది వాళ్లదే, అనాది దాన్ని ఎత్తుకొచ్చాడు అని తేల్చేశారు" అన్నాడు మీనకేతన్.

"ఈయన చెప్పలేదా?"

"చెప్పాడు. అది కాలేజీ పెట్టిన సంవత్సరం అయుంటుంది సార్, మన పేజీ ఎప్పుడు పుట్టిందో కంప్యూటర్లో తేదీలున్నాయి చూడండి అన్నాడు. దానికి ఆయనేమన్నారో తెలుసా? మొన్న నా పదవీకాలం తేదీ మార్చమంటే నా టీ చల్లారేలోపు మార్చావు, మీ తేదీలకు విలువేముందోయ్ అన్నారు."

"మరి ఇప్పుడు?"

"మరి ఇప్పుడు ఆయనకో బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ఈ అమ్మాయి ఎవరు? మన అమ్మాయైతే పేజీ మనది, వాళ్ల అమ్మాయైతే పేజీ వాళ్లది. ఫొటో పట్టుకుని అన్ని డిపార్ట్‌మెంట్లూ తిప్పారు. ఇంగ్లిష్ వాళ్లు, మా పిల్లలు పుస్తకం చూసి ఇంతగా నవ్వరు, మాది కాదన్నారు. హాస్టల్ వార్డెన్ అయితే, ఈ పిల్ల నోట్లో ఏదో ఉంది, నా హాస్టల్లో కిళ్లీ నిషేధం, కాబట్టి నా పిల్ల కాదు అంది."

నాకు నవ్వొచ్చే స్థితి లేదు. "ఈయనేమన్నారు?"

"ఏమీ అనలేదు భావుజా. బండరాయిలా నిలబడ్డాడు. సోమవారంలోపు ఆ అమ్మాయిని చూపించు, లేదంటే ఉత్తచేతుల్తో కాదు, కాపీ కొట్టాడని రాసిచ్చి మరీ పంపిస్తాను అన్నారు. ఆ కాగితం చేతికొస్తే ఇక ఎవడు పనిస్తాడు?" గ్లాసు కింద పెట్టి, "ఇంకో సగం గ్లాసు ఉందా?" అన్నాడు.

ఈయన ఆనపకాయ చంకన పెట్టుకుని వచ్చేసరికి నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను.

"మీనకేతన్ వచ్చాడా?" అన్నారు నా మొహం చూసి.

"ఆ అమ్మాయి నేనేనని ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమవుతుంది? దొంగ పేజీ కాదు, దొంగ స్టూడెంట్ అంటారు. అదీ నా మీదికే."

"దొంగ స్టూడెంట్‌కి తిడతారు. దొంగ పేజీకి ఉద్యోగం తీసేస్తారు. తిడితే తిట్టనీండి. సోమవారం నేనొస్తాను."

"వద్దు."

"ఎందుకు వద్దు?"

ఆనపకాయను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "వాళ్లు అడుగుతారు" అన్నారు.

అంతే అన్నారు. ఏం అడుగుతారో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ భయం గురించి ఆయనకు నేను ఒక్కసారి కూడా చెప్పలేదు. అయినా తెలుసన్నమాట.

లోపల మంచం మీంచి అత్తగారు గొంతెత్తింది. "వెళ్లు బొహూ. మొహం నీదేగా, అరువు తెచ్చుకున్నావా?"

సోమవారం టికీని చంకనేసుకుని వెళ్లాను. ఇంట్లో వదిలితే అత్తగారి మందుల డబ్బా తీస్తుందని భయం, తీసుకెళ్తే అక్కడ ఏం ముట్టుకుంటుందోనని భయం. రథ్ గారి గదిలో ఆయన, డీన్ పట్నాయక్ మేడం, కిళ్లీల మీద పగబట్టిన హాస్టల్ వార్డెన్, తలుపు దగ్గర ఈయనా మీనకేతనూ. గోడ మీది పెద్ద తెరపై నేను, మంచం అంత మొహంతో నవ్వుతూ.

"సార్, ఆ ఫొటోలో ఉన్నది నేనే" అన్నాను. బస్సులో వచ్చినంతసేపూ ఆ ఒక్క మాటే నమిలాను.

అందరూ తెర వైపొకసారి, నా వైపొకసారి చూశారు. టికీ పుట్టాక నేను సగమయ్యాను. నిద్ర లేక కళ్లకింద నలుపు.

"పోలిక ఉంది" అన్నారు రథ్ గారు అనుమానంగా. "ఈమె చెల్లెలేమో అది?"

పట్నాయక్ మేడం టికీ గడ్డం పట్టుకుంది. "నువ్వు చెప్పవే, ఎవరది? అమ్మేనా?"

టికీ నోట్లోంచి వేలు తీసి తెరను బాగా చూసింది. "కాదు. అమ్మ నవ్వదు."

ఈయన కిందికి చూశారు. నాకు చెంప మీద కొట్టినట్టయింది గానీ, పిల్ల మళ్లీ వేలు నోట్లో పెట్టుకుని హాయిగా నా భుజం మీద వాలిపోయింది.

"ఆ ఎడమ బుగ్గ ఎందుకలా ఉబ్బింది?" అంది మేడం. "పంటినొప్పా?"

"కిళ్లీ మేడం. ఆ రోజు రజ పండగ."

"నేను చెప్పలే!" అని వార్డెన్ కుర్చీలో ఎగిరింది. "చెప్పానా లేదా సార్? కిళ్లీ అని మొదటి రోజే చెప్పాను."

రథ్ గారికి ఇంకో బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. గేటు దగ్గర కొట్టు నుంచి మీఠా కిళ్లీ తెప్పించారు. నన్ను అదే బుగ్గన పెట్టుకుని ఫొటోలో లాగే కూర్చోమన్నారు. పుస్తకం బదులు యూనివర్సిటీ ప్రాస్పెక్టస్ ఇచ్చారు. అయిదుగురు పెద్దమనుషులు కళ్లలో వత్తులేసుకుని చూస్తుంటే కిళ్లీ ఎలా నమలాలో మీరే చెప్పండి. నాకు నవ్వు కాదు కదా, ఊపిరి కూడా రాలేదు.

"అలా కాదమ్మా, కాలు ఇలా మడిచి, తల కొంచెం ఇటు" అని రథ్ గారు నాకు చూపించడం కోసం బల్ల అంచు మీద కూర్చుని, పొట్ట మీద ఫైలు పెట్టుకుని, మెడ వయ్యారంగా వాల్చి, పళ్లు బయటపెట్టి ఒక స్టూడెంట్ నవ్వు నవ్వారు. బల్ల కిర్రుమంది. ఆయన అదే నవ్వు మొహంతో అటు ఒరిగి మేడం భుజం పట్టుకున్నారు.

నాకు నవ్వు తన్నుకొచ్చింది. చున్నీ అడ్డం పెట్టుకునే వ్యవధి కూడా లేదు.

"అదే! అదే! ఆ నవ్వే!" అని అరిచాడు మీనకేతన్. మేడం తెర వైపు చూసి, నన్ను చూసి, తానూ నవ్వేసింది. "ఇంక అనుమానమేముంది రథ్ గారూ, ఆ పిల్లే."

రథ్ గారు బల్ల దిగి, చొక్కా సర్దుకుని, మొహం నిండా సంతోషంతో, "అయితే పేజీ మనదే!" అన్నారు. "అనాదీ, ముందే చెప్పొచ్చు కదయ్యా. ఇంతకీ ఏ డిపార్ట్‌మెంటమ్మా నువ్వు?"

వచ్చేసింది. నోట్లో కిళ్లీ ఉంది. ఉమ్మడానికి చోటు లేదు. ఈయన, "సార్, ఆమె నా భార్య" అని ముందుకొచ్చారు.

"భార్యయితే మాత్రం డిపార్ట్‌మెంట్ ఉండదా? ఎంతవరకు చదువుకున్నావమ్మా?"

కిళ్లీ మింగేశాను. సున్నం గొంతులో మండింది. "తొమ్మిది" అన్నాను.

"తొమ్మిదో సెమిస్టరా?"

"తొమ్మిదో తరగతి సార్."

ఫ్యాను తిరుగుతూనే ఉంది. టికీ ప్రాస్పెక్టస్ అట్ట చప్పరిస్తూనే ఉంది. నేనింకా నా కాళ్ల మీదే నిలబడి ఉన్నాను. ఇన్నేళ్లూ నేను భయపడింది ఇంత చిన్నదానికా అని కాదు. చిన్నదేమీ కాదు, చెవులు ఇప్పటికీ వేడెక్కుతాయి. కాకపోతే అది అయిపోయింది, నేను ఉన్నాను.

రథ్ గారు మాత్రం కుర్చీలో కూలబడ్డారు. "పేజీ మనది, అమ్మాయి మనది కాదు. ఢిల్లీ వాళ్లొచ్చి ఈమెను పిలవమంటే నేనెవర్ని పిలవాలి? ఈ సాయంత్రంలోగా తీసెయ్యి అనాదీ. నిజమైన స్టూడెంట్లను పెట్టు."

"నిజమైనవాళ్లు ఇంత బాగా నవ్వరు" అంది మేడం.

ఈయన ఉద్యోగం అలా నిలబడింది. అక్కడితో ఆపి ఇంటికొచ్చేసి ఉంటే ఈ కథ రాసే పనే ఉండేది కాదు. కానీ రథ్ గారికి గెలిచిన ఊపు ఆగలేదు. రాయగడ పేజీ అడుగున, చీమల్లాంటి అక్షరాల్లో, తయారుచేసినవారి పేరూ ఫోన్ నంబరూ ఉన్నాయి. ముకుంద ఆర్ట్ ప్రెస్, గోలక బిహారి సాబత్. అప్పటికప్పుడు ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టారు.

"హలో, ముకుంద ప్రెస్. పెళ్లా, వడుగా?" పెద్దాయన గొంతు, రాయగడ వైపు యాస, వెనక ఏదో మిషన్ టకటకలు.

"మీ ఊరి కాలేజీ వెబ్‌సైట్ చేసింది నువ్వేనా?"

"నానే బాబూ! నచ్చినాదా? ఎవురు మాటాడతన్నారు?"

"ఎక్కణ్నించి ఎత్తుకొచ్చావు?"

"ఎత్తుకురావడమేటి? మంచి నమూనా సూసి ఏసినాను. కాలేజీవోలు నాలుగు సూసి ఇదే బాగుందన్నారు. పేర్లు మార్చినాను, ఊరు మార్చినాను, ఫోన్ నంబర్లు మార్చినాను, కాలేజీ పెట్టిన సమచ్చరం అడుగున ఏసినాను. తప్పుంటే సెప్పండి, దిద్దీస్తాను. పెళ్లికార్డులో ఒక్క అచ్చుతప్పు నా సేతి మీద పోనేదు ఇన్నాళ్లకి."

"అన్నీ మార్చినవాడివి ఆ అమ్మాయి ఫొటో ఎందుకు మార్చలేదు?"

"అదేటి బాబూ అలగంతారు?" ఆయనకు నిజంగానే ఆశ్చర్యం. "కార్డు మీద పెళ్లికొడుకు పేరు మారుస్తాం, పెళ్లికూతురు పేరు మారుస్తాం. పైనున్న జగన్నాథుడి బొమ్మ మారుస్తామేటి? ఆ అమ్మ నవ్వుమొగం సూసి, శుభానికి మొదట్లో ఎట్టినారు గావాల అనుకున్నాను. అది తీసీడానికి సెయ్యి రానేదు."

మేడం నోరు మూసుకుని నవ్వింది. నాకు ఒళ్లు జలదరించింది. ఇన్నాళ్లూ నేను దొంగ స్టూడెంట్‌నని బిక్కుబిక్కుమంటుంటే, రాయగడలో ఒక పెద్దాయన నన్ను దేవుడి చోట నిలబెట్టాడు.

రథ్ గారికి మాత్రం నవ్వు రాలేదు. కేసు పెడతానన్నారు. కాలేజీ ప్రిన్సిపాల్‌కి రాస్తానన్నారు. "ప్రెస్సు మూయిస్తాను. దొంగవు నువ్వు!"

మిషన్ చప్పుడు ఆగింది. "దొంగనా?" అన్నాడాయన. కార్డు మీద కొత్త పేరు సరిచూసుకుంటున్నట్టు, ఒక్కో అక్షరం మెల్లగా పలికి. తర్వాత, "తీసీస్తాను బాబూ" అని పెట్టేశాడు.

నేను ఉండబట్టలేకపోయాను. "సార్, మీరూ ఈయనకు నమూనా చూపించే కదా చెయ్యమన్నారు. గోపురంతో సహా."

మీనకేతన్‌కు దగ్గొచ్చింది.

"అది వేరు" అన్నారు రథ్ గారు.

"ఎలా వేరు సార్?"

ఫోన్ జేబులో పెట్టుకుని, "అది విదేశం" అన్నారు. ఆ సాయంత్రమే ప్రిన్సిపాల్‌కి ఉత్తరం వెళ్లింది.

పేజీ మారకముందే ఆ చీమల అక్షరాల్లోంచి నంబరు రాసుకున్నాను. ఇంట్లో అందరూ బయటకెళ్లినప్పుడు ఫోన్ చేసి, "మౌసా, నేను ఆ బొమ్మలో అమ్మాయిని" అన్నాను. బాబాయ్ వరస కలిపితే మాట తేలికవుతుందని.

"ఓలమ్మా, నువ్వా! కిళ్లీ నమిలీసినావా ఇంకా ఉందా?" అని పకపకా నవ్వాడు. వార్డెన్ తర్వాత ఆయనొక్కడే, మొదటి చూపులోనే కిళ్లీ అని పోల్చుకున్నాడు. నా బొమ్మ తీసి గులాబీ పువ్వు పెట్టానని, ఆ గులాబీ కూడా తానే గీశానని చెప్పాడు. "పువ్వు మరీ కేబేజీనాగుంది తల్లీ, అయినా నాదే" అన్నాడు. మనసు కుదుటపడింది.

రెండోసారి చేసినప్పుడు ఆ నవ్వు లేదు. ప్రిన్సిపాల్ ఆ ఉత్తరాన్ని అందరి ముందూ చదివాడట. బజారులో పిల్లలు కూడా "కాపీ మౌసా" అంటున్నారట. "అది కాదు తల్లీ నా బాద. నమూనాల ఆల్బం తీస్తే, ఏ కార్డు సూసినా ఇది ఎవుడిదో అనిపిస్తంది. ముప్పై ఏళ్లుగా ఏసినవన్నీ ఎవుడివో. ఈ శంఖం ఎవుడు గీసినాడు? ఈ అరటిసెట్టు ఎవుడిది? ఎవుర్ని అడగాల? పెళ్లివోలు ఒచ్చి ఇలాటిదే కావాలంటే సెయ్యి ఆడతనేదు. ఎనక్కి పంపీసినాను." వెనక మిషన్ చప్పుడు లేదు.

"చూసి వెయ్యడంలో తప్పేముంది మౌసా, కార్డులంటే అంతేగా" అన్నాను. ఇంట్లో ఎవరున్నారని అడగాలనుకున్నాను, అడగలేదు.

ఆ తర్వాత ఫోన్ మోగుతుంది గానీ ఎవరూ తీయడం లేదు. ఈయనకు చెప్పాను. "మన పేజీ కాపీ కొట్టినవాడి కోసం నువ్వు ఏడుస్తావా?" అన్నారు. ఒక పూట గడిచాక ఆయనే వచ్చి, "ఫోన్ తీశాడా?" అని అడిగారు. ఢిల్లీ వాళ్లు వచ్చేదాకా ఈయనకు సెలవు లేదు. టికీని వేసుకుని అంత దూరం ఒక్కదాన్ని నేను వెళ్లలేను. గంట మోగుతోందని అత్తగారు అంటుంది. మోగనీ. ఈసారి ఊరికే కాదనిపిస్తోంది.

అందుకే ఇదంతా రాశాను. రైల్లో విజయనగరం వైపు నుంచి రాయపూర్ పోయేవాళ్లు మీలో చాలామంది ఉంటారు, దారిలో రాయగడ ఆగుతుంది. ఎవరైనా ఒక్క పూట దిగండి. స్టేషన్ నుంచి గుడికి పోయే దారిలో, సైకిళ్లు బాగుచేసే కొట్టు పక్కన ముకుంద ఆర్ట్ ప్రెస్ అని అడిగితే చూపిస్తారు, మొదటిసారి మాట్లాడినప్పుడు ఆయనే చెప్పిన గుర్తులివి. షట్టర్ వేసి ఉన్నా తట్టండి, కాసేపు ఆగి మళ్లీ తట్టండి. తీస్తే, మీ ఇంట్లో పెళ్లి ఉన్నా లేకపోయినా కార్డులు కావాలని చెప్పండి. ఏ నమూనా చూపించకండి, మీకు తోచినట్టు వెయ్యండి మౌసా అనండి. ఏమైనా తింటున్నాడో లేదో, ఇంట్లో ఎవరైనా ఉన్నారో లేదో చూసి, ఎలా ఉన్నాడో నాకు ఒక్క మాట తెలియజేయండి.